బండికి తాగించిన కొబ్బరినీళ్ళు

మధ్యాహ్నం మూడున్నరకు పలాస చేరాం. వాన ఆగింది, గాలి ఆగలేదు. పొద్దున్నే ఒడిశాలో బయల్దేరిన మా ఆర్మీ కాన్వాయి ఇచ్ఛాపురం దాటిన దగ్గర్నుంచి నడిచే మనిషి వేగానికి పడిపోయింది. హైవేకి అడ్డంగా కరెంటు స్తంభాలు, ఇళ్ళ రేకులు, చెట్లు. ముందు బండిలోంచి రంపాలవాళ్ళు దిగి కోసేవాళ్ళు. మేము కాస్త కదిలేవాళ్ళం, మళ్ళీ ఆగేవాళ్ళం. తుఫాను తీరం దాటి అప్పటికి రెండో రోజు.

మకాం ఒక జీడిపప్పు బట్టీ ఆవరణలో. పైకప్పు రేకులు ఎగిరి పక్క పొలంలో పడ్డాయి. తడిసిన జీడిగింజల బస్తాలు గోడవారన పులిసిన వాసన కొడుతున్నాయి. కెప్టెన్ సాబ్ ఆ బస్తాల మీదే మ్యాపు పరిచి ఉత్తర్వు చెప్పాడు. తీరం వెంబడి ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు మనుషులు చాలామంది ఉన్నారు. వారానికి రెండు మూడుసార్లు మెషీను మీద రక్తం శుద్ధి చేయించుకుంటేనే వాళ్ళు బతుకుతారు. తుఫానుతో అది తప్పిపోయింది. టెక్కలిలో జనరేటరు మీద మెషీన్లు నడుస్తున్నాయి. వీలైనంతమందిని అక్కడికి చేర్చాలి.

చెప్పడం అయ్యాక నా వైపు తిరిగాడు. "ఇక్కడ మాట్లాడేది నీ భాషే కదా?"

"నా భాషే సాబ్."

అది సగమే నిజం. మాది కదిరి పక్క పల్లె. రాష్ట్రానికి ఆ కొస. ఆ సాయంత్రం గేటు దగ్గర ఒక ముసలాయన, "ఏటి బాబూ, ఏ పక్కకి ఎల్తన్నారు?" అని అడిగితే నాకు అందుకోవడానికి ఒక క్షణం పట్టింది. నేను జవాబు చెబితే ఆయన నవ్వాడు. "ఇదెక్కడి తెలుగు బాబూ?" అన్నాడు. మా కాలమ్‌లో, అంటే మా దళంలో, గఢ్వాలీలు, బిహారీలు, ఒక మలయాళీ. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళకు నేను మద్రాసీని, ఊరివాళ్ళకు ఎక్కడినుంచో ఊడిపడ్డవాణ్ణి. ఫోను టవర్లు పడిపోవడంతో ఇంట్లో నా భార్యతో కూడా మాట లేదు. నాదంటూ ఉన్నది నా బండి ఒక్కటే.

మీరంతా అడుగుతుంటారు, యుద్ధం చూశావా అని. చూడలేదు. సర్వీసంతా అంబులెన్సు తోలాను, చిన్న రిపేర్లు చేశాను. నేను చూసిన పెద్ద గండం శ్రీకాకుళం జిల్లాలో, ఒక రేడియేటరు మూత ముందు. చెబితే నవ్వుతారని ఇంతకాలం చెప్పలేదు. నవ్వేవాళ్ళు నవ్వండి.

నా బండి బానెట్ మీద ఇంకొకరు చెయ్యి వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే ఆయిలు, బ్రేకు నూనె, కూలెంటు నేనే చూసుకోవాలి. కూలెంటు మీకు తెలిసిందే, ఇంజను వేడిని మోసుకుపోయే ఆకుపచ్చ నీళ్ళు. దాని రంగు చూసి ఇంజను ఒంట్లో ఎలా ఉందో చెప్పొచ్చు. తుప్పు రంగు తిరిగితే లోపల ఇనుము తింటోందని. పాలు కలిసినట్టు ఉంటే ఆయిలు కలిసిందని, అంటే హెడ్ గాస్కెట్ పోయిందని, అంటే బండి అక్కడే పడుకుంటుందని. మూడో రోజు పొద్దున ఆరింటికి నేను చూసినప్పుడు డబ్బాలో కూలెంటు లేత గరిక రంగులో ఉంది.

ఆ రోజు వెళ్ళాల్సింది పూండి అవతల, సముద్రం ఒడ్డున ఇసుక మీద ఉన్న ఊరికి. బండిలో నేను, మేమంతా నర్సింగ్ అని పిలిచే మలయాళీ నర్సింగ్ అసిస్టెంటు, ఒక వైర్‌లెస్ సెట్టు, స్ట్రెచరు, ఒక ఆక్సిజన్ సిలిండరు, తాగే నీళ్ళ క్యాను. ఆ తీరాన్ని ఉద్దానం అంటారు, పచ్చటి చోటు అని విన్నాను. నేను చూసిన ఉద్దానం నేల మీద పడుకుని ఉంది. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి వరసలు వరసలుగా పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి తిరగబడ్డాయి. మనుషులు ఆ చెట్ల మధ్య ఊరికే నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ ఏమీ ఏరుకోవడం లేదు. నాటిన చెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో వాళ్ళకు తెలుసు.

ఊరు కూతవేటు దూరం ఉందనగా దారి మూసుకుపోయింది. అంతకు ముందే ఒక జీడికొమ్మ బండి కింద దూరి రేడియేటరు గొట్టం క్లిప్పును లాగేసింది. దిగి చూస్తే కూలెంటు ధారగా కారుతోంది. క్లిప్పు బిగించాను. ఇంజను చల్లారాక నా దగ్గరున్న చిన్న డబ్బా కూలెంటు పోశాను. ఇంకా చాలా వెలితి ఉంది. తాగే నీళ్ళ క్యాను బండ్లకు వాడకూడదని ఉత్తర్వు, పైగా అందులో అడుగునే ఉన్నాయి.

అప్పటికి ఊరివాళ్ళు వచ్చి చుట్టూ చేరారు. ముందున్నది ఒక ముసలామె. పేరు దాలమ్మ. మేము తీసుకెళ్ళవలసిన రోగి ఆమె కొడుకే.

"అమ్మా, బండికి కాసిన్ని నీళ్ళు కావల్ల," అన్నాను. "ఇదో, ఈ మూతి దాకా."

"ఆ నీళ్ళ సంగతి నాను సూత్తాను బాబూ. మీరెల్లి మా గుంటణ్ణి తెండి. నిన్నట్నుంచి పడుకోనేకపోతన్నాడు, ఊపిరందడం నేదు."

నీళ్ళు బకెట్లో తెచ్చి పెడుతుందనుకున్నాను. మేమిద్దరం స్ట్రెచరు పట్టుకుని, ఇద్దరు ఊరివాళ్ళ వెనక, పడిన చెట్లు ఎక్కుతూ దిగుతూ పోయాం.

కొడుకు పేరు కూర్మారావు. నా ఈడువాడే. ఇంటి గోడకు జారగిలబడి కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి. ముఖం కూడా ఉబ్బింది. పెదాలు మాత్రం ఎండి పగిలి ఉన్నాయి. నర్సింగ్ అతని వీపు మీద గొట్టం పెట్టి విని, హిందీలో నాతో అన్నాడు. "ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చింది. పడుకోబెట్టకూడదు. తొందరగా పోవాలి."

ఒళ్ళంతా నీరు, నోరంతా దాహం. ఈ జబ్బు తీరు అది. తాగిన నీరు బయటికి పోదు, అందుకని తాగనివ్వరు. రోజుకు రెండు టీ గ్లాసుల నీళ్ళు అతని వంతు. కొబ్బరినీళ్ళయితే చుక్క కూడా కూడదు. అందులో ఉండే లవణం గుండెను ఆపేస్తుందట. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడికి పెట్టిన పథ్యం అది.

కూర్చోబెట్టే మోసుకొచ్చాం. వచ్చేసరికి దాలమ్మ బానెట్‌ను చీరకొంగుతో తుడుస్తోంది. రేడియేటరు మూతి దాకా నిండి ఉంది. పైన కాస్త తెల్లగా కనిపించింది. ఇసుక ఊరి నీళ్ళు, అలాగే ఉంటాయేమో అనుకున్నాను. మూత బిగించాను. తల్లి కూడా ఎక్కింది. తొమ్మిది దాటి పది నిమిషాలకు బయల్దేరాం.

పూండి ఇంకా రెండు మైళ్ళు ఉందనగా బండిలో ఒక వాసన మొదలైంది. కమ్మటి వాసన. పండక్కి కొబ్బరిలౌజు కలియబెడుతుంటే వచ్చే వాసన. వెనక నుంచి నర్సింగ్ గట్టిగా అడిగాడు. "ఎవరైనా ఇక్కడ వంట చేస్తున్నారా?"

నేను ముల్లు చూశాను. వేడి ముల్లు ఎర్రగీత మీద ఉంది. అర ఫర్లాంగు పోయేసరికి బానెట్ అంచుల్లోంచి ఆవిరి. పక్కకు తీసి ఇంజను ఆపాను.

ఓవర్‌ఫ్లో డబ్బాలో ఆకుపచ్చ రంగు లేదు. పాలు ఎక్కువైన టీ రంగు. పైన నురగ. ఆయిలు కలిసిందనుకున్నాను. గాస్కెట్ పోయిందంటే ఈ మనిషి టెక్కలి చేరడు. ఆయిలు పుల్ల తీసి తుడిచి చూశాను. శుభ్రంగా ఉంది. మళ్ళీ చూశాను. మళ్ళీ శుభ్రంగానే ఉంది. డబ్బా మూతికి అంటిన ఆ రంగునీటిని వేళ్ళ మధ్య రుద్దాను. కూలెంటు విషం, నోట్లో పెట్టకూడదు, వేళ్ళతోనే తేల్చుకోవాలి. జిడ్డు లేదు. బంక. బెల్లం పాకంలా వేలు వేలుకు అతుక్కుంది. మూతి అంచున తెల్లటి పొర ఒకటి ఇరుక్కుని ఉంది. గోటితో లాగాను. లేత కొబ్బరి.

నా గొంతు ఆ తోటంతా వినబడి ఉంటుంది. "ఎవరమ్మా పోసింది? ఏం పోసినారు దీంట్లో?"

దాలమ్మ వెనక తలుపు తీసుకుని దిగింది. భయం లేదు ఆ ముఖంలో. మంచిపని చేసిన మనిషి ముఖం.

"నానే బాబూ. బొండాలు కొట్టి పోసినాను. సాలా కాయలు పట్టినాయి. ఏం, సాల్లేదేటి?"

"బండికి కొబ్బరినీళ్ళు పోస్తారా ఎవరైనా? బోరు నీళ్ళు రెండు చెంబులు పోసుంటే సరిపోయేది గదా!"

"బోరు నీళ్ళా?" ఆమె రెండు చేతులూ చెవుల దాకా పోయాయి. "ఆ నీళ్ళు తాగే కాదేటి మా ఆయన పోనాడు? ఇప్పుడు నా కొడుకిలగ అయిపోనాడు. మా ఊళ్ళో ఇంటికొచ్చిన సుట్టానికి కూడా బోరు నీళ్ళియ్యం బాబూ. నా కొడుకుని మోసుకెల్లే బండికి ఆ ఇసం పోత్తానా? మా దగ్గరున్న మంచినీళ్ళు అయ్యే. ఆడెలగూ తాగనేడు. బండైనా తాగుద్దని పోసినాను."

ఆ జబ్బుకు కారణం నీళ్ళేనని ఖాయంగా ఎవరూ తేల్చలేదంటారు. తేలేదాకా ఆగే తీరిక ఆ ఊళ్ళకు లేదు. రోజూ తాగే నీటినే అనుమానించి బతుకుతున్నారు. నర్సింగ్ కిందికి దిగి, సంగతి విని, తల పట్టుకున్నాడు.

"మా కేరళలో కొబ్బరితో చెయ్యని పని లేదు," అన్నాడు. "ఇదొక్కటి ఎవరికీ తట్టలేదు."

సెట్టు అందుకున్నాను.

"బండి ఆగింది. పూండికి ముందు, జీడితోటల రోడ్డు. కూలెంటు చెడిపోయింది. రోగి పరిస్థితి బాగాలేదు. ఇంకో బండి కావాలి. ఓవర్."

"ఇంకో బండి మందస వైపు వెళ్ళింది. రికవరీ వ్యాను చెట్ల వెనక ఇరుక్కుంది. మధ్యాహ్నం దాకా ఆశ పెట్టుకోకు. ఓవర్."

"మధ్యాహ్నం దాకా ఇతను ఆగడు. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత రేడియో ఆపరేటరు గొంతు కొంచెం తగ్గింది. "సాబ్ అంటున్నాడు, నీ ఏర్పాటు నువ్వే చూసుకో. అవుట్."

చెయ్యవలసిన పని తెలుసు. ఆ పాకమంతా దించెయ్యాలి. లోపలి దారులన్నీ శుభ్రమయ్యేదాకా నీళ్ళతో కడగాలి. మళ్ళీ నింపాలి. దానికి క్యానులో అడుగున ఉన్న నీళ్ళు ఏ మూలకూ రావు.

"ఇక్కడ దగ్గర్లో బోరింగు యాడుంది?" అని అడిగాను. దాలమ్మకు తెలుసని ఆ ముఖమే చెబుతోంది. చెప్పదు.

"బాబూ, నీకు దండం పెడతాను. ఆ నీళ్ళొద్దు."

అప్పుడు లోపల నుంచి కూర్మారావు మాట్లాడాడు. ఒక్కో ముక్కకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "అమ్మా... బండికి... కిడ్నీలుంటాయేటే? దానికేటీ అవదు. సెప్పు."

దాలమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత రోడ్డు మలుపు వైపు చెయ్యి చూపించింది. "ఆ మలుపు దాటితే ఉంది."

మలుపు దాటేదాకా బండిని నేనూ నర్సింగూ, ఆ దారిన పోతున్న ముగ్గురు మత్స్యకారులూ తోశాం. చేతిపంపు రోడ్డు పక్కనే ఉంది. దాని మీద ఒక కొబ్బరిచెట్టు వాలి, పంపును తప్పించి, ఆవలికి పడి ఉంది. బండిలో ఉక్క. కూర్మారావు లోపల ఉండలేకపోయాడు. దించి ఆ పడిన మానుకు ఆనించి కూర్చోబెట్టాం. నర్సింగ్ సిలిండరు కూడా దించి పక్కన పెట్టాడు. బండిలోంచి నా బకెట్ తీసుకున్నాను.

ఇక ఆగాలి. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే బ్లాకు పగులుతుంది. పగిలితే అంతే సంగతులు. నేను బానెట్ తీసి, ముందు నిలబడి, లోహం చల్లారడం కోసం కాచుకున్నాను. సర్వీసులో నేను చేసిన కష్టమైన పని అదే, ఏమీ చెయ్యకుండా నిలబడటం. నా వెనక ఒక మనిషి ఊపిరి గరగరమంటోంది. నర్సింగ్ సిలిండరు ముల్లు వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు. నేను బ్లాకు మీద చెయ్యి పెడతాను, తీస్తాను. ఎవరితో ఏం చెప్పుకోవాలో తెలియలేదు. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకు నేను ఎక్కడున్నానో కూడా తెలియదు. చేతిలో పానా పట్టుకుని అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

మత్స్యకారుల్లో ఒకడు బీడీ తీసి, రోగిని చూసి, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "కొబ్బరినీళ్ళెట్టినాదా దాలప్ప?" అన్నాడు నెమ్మదిగా. అక్కడ అప్ప అంటే అక్క. "నానైనా అదే సేద్దును బాబూ. బోరు నీళ్ళు ఒకరికి పొయ్యాలంటే మాకు సెయ్యాడదు."

పది దాటి ఇరవై నిమిషాలకు గుడ్డ వేసి మూత తిప్పాను. బుస్సుమని ఆవిరి పోయింది. కింద ప్లగ్గు విప్పాను. బురద రంగు పాకం సాగుతూ దిగింది. కింది గొట్టం ఊడదీస్తే లేత కొబ్బరి పొరలు ఉండగట్టి బయటికి వచ్చాయి. థర్మోస్టాట్ బోల్టులు రెండూ విప్పి దాన్ని కూడా తీసేశాను. అది తెరుచుకోకుండా బంకలో మూసుకుపోయింది. అది లేకపోతే నీళ్ళకు అడ్డు ఉండదు, ఆ దూరానికి అదే నయం.

"పంపు కొట్టండి," అన్నాను.

మత్స్యకారులు లేవబోయారు. వాళ్ళకంటే ముందు దాలమ్మ వెళ్ళి పంపు చెయ్యి పట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె పంపు ముట్టలేదని తర్వాత తెలిసింది. కొట్టడం మొదలుపెట్టింది. ఏడుస్తూ కొట్టింది. మత్స్యకారుడు పక్కకు జరగమన్నా జరగలేదు. నేను బకెట్ తెచ్చి పైనుంచి పోశాను. కింద నుంచి గోధుమరంగు నీరు రోడ్డు మీదికి పారింది. మళ్ళీ పోశాను. ఎన్ని బకెట్లో లెక్కపెట్టలేదు. టీ రంగు పోయి పసుపు, పసుపు పోయి గంజి, గంజి పోయి చివరికి మామూలు నీళ్ళు. ఇసుక ఆ నీళ్ళన్నిటినీ తాగేసింది.

గొట్టం బిగించాను. ప్లగ్గు పెట్టాను. నింపాను. గాలి పోయేదాకా మూత తీసి ఇంజను తిప్పాను. క్యాబిన్‌లో వేడిగాలి పూర్తిగా పెట్టాను, ఇంజను వేడి కొంతైనా మా మీదికి లాగడానికి. అక్టోబరు ఉక్కలో, సముద్రం పక్కన, హీటరు వేసుకుని తోలాను. చెమట కళ్ళల్లోకి దిగుతోంది. ముల్లు మధ్యగీత దాటలేదు. హైవే ఎక్కాక సైరన్ వేశాను. వెనక నుంచి నర్సింగ్ సిలిండరు ముల్లు ఎక్కడుందో చెబుతూ వచ్చాడు. ఎర్రలోకి వచ్చిందని చెప్పాక ఇంక చెప్పడం మానేశాడు.

టెక్కలి ఆసుపత్రి గేటు దాటేసరికి పన్నెండు కొట్టి ఐదు నిమిషాలు. సిలిండరు అయిపోయింది, మనిషి ఉన్నాడు. తలుపు తీసేలోపే వాళ్ళు తీసుకుపోయారు. దాలమ్మ వెంట పరుగెత్తింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను. రెండు గంటల తర్వాత ఆమె బయటికి వచ్చి నా పక్కన నిలబడింది.

"కళ్ళు తెరిసినాడు బాబూ," అంది. తర్వాత బండి వైపు చూసి, "దానికెలగుంది?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "బాగుందమ్మా," అన్నాను.

మకాంకు చేరిన వెంటనే బోరు నీళ్ళు దించేసి స్టోరు నుంచి తెచ్చిన కూలెంటు పోశాను, కొత్త థర్మోస్టాట్ వేశాను. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ, ఇంజనులో నిలవ ఉంచకూడదు. రేడియో ఆపరేటరు ఈ కథ బట్టీ అంతా చాటాడు. ఆ తర్వాత ఎవరు టీ పోసినా, బండికి కూడా పొయ్యమంటావా అని నన్ను అడిగేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. ఎగతాళికి కాదు కోపం. ఆ ముసలామె అన్న మాటలు హిందీలోకి ఎలా మార్చి చెప్పాలో నాకు చేతకాలేదు.

కూర్మారావును ఆ తర్వాత మళ్ళీ రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండోసారికి కాళ్ళ వాపు తగ్గింది. తనే నడిచి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఏటి బావా, బండికి ఈ రోజు ఏటి తాగించినావు?"

బావా అన్నాడు. ఆ పిలుపు విని ఎన్ని నెలలయిందో. మా ఇద్దరి మధ్య ఏ చుట్టరికమూ లేదు, ఆ తీరంలో అలా పిలవడం మామూలే. అయినా నాకు కడుపు నిండింది. దారంతా కబుర్లు చెప్పాడు. జబ్బు ఉందని తెలిశాక ఎవరూ పిల్లనివ్వలేదన్నాడు. కొబ్బరిచెట్టు ఎక్కడంలో ఊళ్ళో తనను మించినవాడు లేడన్నాడు. చెట్లన్నీ పడ్డాయి కాబట్టి ఇప్పుడు అందరూ తనతో సమానమేనని నవ్వాడు. దాలమ్మ మాత్రం బానెట్ దరిదాపులకు రాలేదు. దూరంగా నిలబడి బండికి దండం పెట్టింది.

మా కాలమ్ వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత నాకు లదాఖ్ పోస్టింగ్ వచ్చింది. అక్కడ కూలెంటు పని వేరు, ఇంజను నీళ్ళు గడ్డకట్టకుండా చూడాలి. కూర్మారావు ఫోన్ చేసేవాడు, మెషీను మీద పడుకున్నప్పుడు. నాలుగు గంటలు కదలకూడదు, ఊసుపోదు, అందుకని.

"అక్కడ నీళ్ళు గడ్డకట్టిపోతాయేటి బావా? ఐతే నాను అక్కడుండాల్సినోణ్ణి. ఒక ముక్క బుగ్గనెట్టుకుంటే రోజెల్లిపోద్ది."

మంచులో నిలబడి అతని మాటలు వినేవాణ్ణి. అతనికీ మాట్లాడేవాళ్ళు లేరు, నాకూ లేరు. ఏం మాట్లాడుకున్నామని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. వాన పడిందా, పెట్టిన మొక్కలు బతికాయా, ఈ రోజు సూది ఎన్నిసార్లు గుచ్చారు, అంతే.

ఒకసారి అతని నెంబరు నుంచి దాలమ్మ గొంతు వచ్చింది.

"బాబూ, మా వోడు మొన్న మంగళారం పోనాడు. నీకు సెప్పమన్నాడు."

"అమ్మా," అన్నాను.

"నువ్వు బాగున్నావా?" అని అడిగింది. "బండి బాగుందా?"

బాగుందని చెప్పాను. ఫోను పెట్టేశాక బండ్ల వరుస దగ్గరికి పోయి, ఏ రిపేరూ లేని బండి బానెట్ ఎత్తి దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. అక్కడ ఎవరికి చెప్పినా, ఎవరతను అని అడుగుతారు. ఏమని చెప్పాలి? ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళకు రిటైరై ఇంటికి వచ్చాను. కదిరి బైపాసులో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. ఎండాకాలం పొడవునా కార్లు వస్తాయి. కూలెంటు రంగు మారిందంటారు. మూత తీసి చూస్తాను, తుప్పు రంగైతే దించి కడుగుతాను. బకెట్ల కొద్దీ నీళ్ళు పైనుంచి పోస్తాను, అవి రంగు మారి నేల మీద పారిపోతాయి. పని ముగిసేదాకా నేను వెనక్కి తిరిగి చూడను. మా ఆవిడ దాన్ని పని మీద ధ్యాస అనుకుంటుంది.

ఆ రోజు చేతిపంపు దగ్గర నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. కూర్మారావు ఆ పడిన మానుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం ఉంది. అతను నన్ను చూడటం లేదు, తల్లిని చూడటం లేదు. బకెట్‌ను చూస్తున్నాడు. నేను వంచాను. నీళ్ళు రేడియేటరులోకి దిగి, కింద నుంచి ఇసుకలోకి పోయాయి. అతని గొంతు గుటక వేసింది. ఇంకో బకెట్ తెచ్చి వంచాను. మళ్ళీ గుటక వేసింది. నేను పోసిన ప్రతి బకెట్‌కూ, ఖాళీ నోటితో, కూర్మారావు గుటక వేశాడు.